పాడరాని వంశమున పుట్టిన గాయకుడు

పడమటి ఆఫ్రికాలోని మాలీ దేశమునకు సముద్రతీరము లేదు. దాని ముఖ్యపట్టణమైన బమాకో నైజరు నది యొడ్డున నున్నది. అట్లాంటిక్ తీరమందలి డకారు రేవునుండి లోనికి వచ్చు రైలుమార్గమే చిరకాలము ఆ పట్టణమునకు లోకముతో గల ముఖ్యమైన సంబంధము. ఫ్రెంచివారు తమ యేలుబడి కాలమున సెనెగలు నదినుండి నైజరు నదివరకు వేసిన పట్టాలు 1904లో పూర్తియైనవి. డకారుదాక తెంపులేని దారి యేర్పడుటకు మరి రెండు దశాబ్దములు పట్టినది. బమాకో స్టేషనునకు అనుబంధముగా నొక హోటలు, ఆ హోటలులో నొక భోజనశాల యుండెను. 1970లో రైల్వే శాఖవారు ఆ భోజనశాల కొక సంగీతబృందమును ఏర్పాటు చేసిరి. రైల్వేవారు బండ్లు నడుపుట, టిక్కెట్లమ్ముట, ఆలస్యమునకు క్షమాపణ కోరుట ఎల్లవారు నెరిగినదే. పాటగాండ్రను పోషించుట మాత్రము మేము మరెచ్చటను అంతగా వినలేదు.

ఆ బృందము పేరు రెయిల్ బ్యాండ్. సాక్సఫోను వాద్యకారుడైన తిదియాని కోనే దానికి నాయకుడు. రైలు దిగిన ప్రయాణికులు, ఊరిలోని ఉద్యోగులు, యువజనులు సాయంకాలమున అచ్చట జేరి నృత్యము చేయుచుండిరి. వారి యెదుట నిలిచి పాడిన యువకునకు అప్పటికి ఇరువదియొక్క యేండ్లు. మేను తెలుపు, జుట్టు లేతపసుపు, ఎండను వెలుతురును ఓర్వజాలని కన్నులు. తలిదండ్రు లిరువురును నల్లని మేనివారే. అతని పేరు సలీఫ్ కేయితా. తరువాతి యర్ధశతాబ్దములో ఆ కంఠమును పారిస్, లండన్, న్యూయార్కు నగరములవారు సయితము గుర్తించిరి. కాని ఆ రాత్రి స్టేషను హోటలులో అతడు పాడుచుండుటయే, అతని స్వగ్రామమువారి దృష్టిలో, తగని పని. ఎందుకు తగనిదో చెప్పవలె నన్నచో ఏడువందల యేండ్లు వెనుకకు పోవలెను.

కేయితా యను ఇంటిపేరు మాలీలో సామాన్యమైనదే. 1960 సెప్టెంబరు 22న ఆ దేశమునకు స్వాతంత్ర్యము వచ్చినపుడు మొదటి అధ్యక్షుడైన మొదీబోది కూడ ఆ యింటిపేరే. ఐనను ఆ పేరునకు గల గౌరవము సామాన్యము కాదు. పదుమూడవ శతాబ్దమున మాలీ సామ్రాజ్యమును స్థాపించిన సుండియాతా చక్రవర్తి వంశమునకు ఆ పేరు. సుండియాతా కాళ్లు రాని బిడ్డగా పుట్టెనట. తోడిపిల్లలు పరుగు లిడుచుండగా అతడు నేలపై ప్రాకుచుండెను. తల్లి పడిన అవమానము చూడలేక ఒకనా డొక యినుపకడ్డీని ఊతగా గొని లేచి నిలిచెనని కథ. దాయాదుల భయమున దేశాంతరము పోయి, పిదప సైన్యముతో తిరిగివచ్చి, సోసో రాజైన సుమావురో కాంతేను సుమారు 1235లో కిరీనా యొద్ద నోడించి చక్రవర్తి యయ్యెను. ఆ వంశమువాడే యైన మూసా 1324లో మక్కాయాత్రకు పోవుచు కైరో నగరమున పంచిపెట్టిన బంగారమువలన అచ్చట బంగారపు వెలయే పడిపోయెనని అరబ్బు చరిత్రకారులు వ్రాసియున్నారు.

సుండియాతా కథ నోటిపాటగానే నిలిచినది. దానిని నిలిపినవారు జెలి యనబడు కులమువారు. మన పూర్వరాజుల కొలువులందలి వందిమాగధులను, నిన్నమొన్నటి భట్రాజులను తలచుకొన్నచో వీరెవరో కొంత బోధపడును. ఐనను పోలిక పూర్తిగా కుదరదు. జెలి వంశావళి చదువును, పొగడును. అంతేకాక పెండ్లి సంబంధములు కుదుర్చును, తగవులు తీర్చును, రాజుతో ఇతరులు పలుక జంకు మాటను తాను పలుకును. ఇరువదియొక్క తీగల కోరా, చెక్కపలకలతో చేసిన బాలఫోను అతని వాద్యములు. తండ్రినుండి కొడుకునకు ఆ విద్య వచ్చును. అతడు పాడినందులకు రాజవంశీయుడు కానుక యిచ్చును. ఇచ్చుటయే ఆ రాజవంశీయుని ధర్మము. నలుగురిలో గొంతెత్తి పాడుట అతని మర్యాదకు భంగము. మాటకు గొప్ప శక్తి కలదనియు, దానిని స్వేచ్ఛగా వాడుట అందుకై పుట్టినవారి పని యనియు మాండే జాతులవారి నమ్మకము. జెలి లేని కేయితా మూగవానితో సమానము. పాడు కేయితా కులము తప్పినవానితో సమానము.

1949 ఆగస్టు 25న, బమాకోకు కొన్ని మైళ్ల యెగువను నైజరు తీరమున నున్న జోలిబా గ్రామములో, ఇట్టి వంశమున సలీఫ్ జన్మించెను. జోలిబా యనునది ఆ నదికే స్థానికులు పెట్టుకొన్న పేరు. బిడ్డ తెల్లగా పుట్టుట చూచి ఇంటివారు భయపడిరి. మన ప్రాంతములలో బొల్లి యని చెప్పు వ్యాధి వేరు, ఇది వేరు. చర్మమునకు, జుట్టునకు, కంటిపాపకు రంగునిచ్చు పదార్థము శరీరములో తగినంత తయారు కాకపోవుటయే దీనికి కారణము. తల్లినుండియు తండ్రినుండియు ఒక్కొక్క లోపము బిడ్డకు సంక్రమించినపుడు ఇది కలుగును. తలిదండ్రులలో ఆ లోపము పైకి కనబడదు. దీనిని ఆల్బినిజ మందురు. చూపు మందగించును, ఎండకు చర్మము పుండ్లుపడును, కాలక్రమమున పుట్టకురుపునకు దారితీయవచ్చును. వైద్యశాస్త్రము చెప్పున దింతే. కాని శాస్త్రము రాకముందే నమ్మకము వచ్చి కూర్చుండెను. ఇట్టి బిడ్డ ఇంటికి కీడనువారు కొందరు. ఇట్టివాని శరీరభాగములు ఐశ్వర్యమును, అధికారమును దెచ్చునని నమ్మువారు మరికొందరు. రెండవ నమ్మకము మొదటిదానికన్న ఘోరమైనది. దానికి బలియైన పిల్లలు కలరు. సలీఫ్ తల్లి ఆ బిడ్డను చాటుననే పెంచెనని చెప్పుదురు.

సీనా కేయితాకు, అనగా సలీఫ్ తండ్రికి, పొలము కలదు. పంటను కోతులు, పక్షులు పాడుచేయకుండ అదలించుట పిల్లల పని. రోజంతయు పొలమున నిలిచి అరచి అరచి తన కంఠము గట్టిపడినదని సలీఫ్ పెద్దవాడైన పిమ్మట చెప్పుకొనియున్నాడు. మంచె యెక్కి పిట్టలను తోలిన మన పల్లెల శ్రోతలకు ఈ శిక్షణయొక్క కష్టము వివరింప నక్కరలేదు. ఆ కంఠమును వినినవారికి గూడ ఈ మాట అతిశయోక్తిగా తోపదు. అది మెల్లగా మొదలై ఒక్కసారిగా పైస్థాయి కెగసి, అచ్చటనే నిలిచి, పొలముగట్టునుండి గట్టునకు పిలిచినట్లు సాగును. గురుముఖమున నేర్చిన జెలి పాటలో ఈ విధమైన కేక లేదు.

బడిలో చదువుకొని ఉపాధ్యాయుడు కావలెనని సలీఫ్ కోరిక. చూపు చాలదను కారణమున ఆ తలుపు మూసుకొనిపోయెను. అప్పుడు మిగిలినవి రెండు దారులని ఆయన పలుమారులు చెప్పినాడు: దొంగయగుట, పాటగాడగుట. ఈ మాటలో చమత్కారమున్నది గాని, పదునెనిమిదేండ్ల పిల్లవాడు ఊరు విడిచి 1967లో బమాకో చేరి, అంగడివీధులలో పండుకొనుచు, గిటారు పుచ్చుకొని పానశాలలయందు పాడి పొట్టపోసికొనుటలో చమత్కారమేమియు లేదు. ఇంటివారితో సంబంధము తెగిపోయెను. రంగువలన సగము వెలియైనవాడు పాటవలన పూర్తిగా వెలియయ్యెను.

ఆ కాలమున బమాకోలో వినవచ్చు సంగీత మేదని శ్రోతలు ప్రశ్నింపవచ్చును. ఆశ్చర్యమేమనగా, అది క్యూబా సంగీతము. ఆఫ్రికానుండి బానిసలుగా ఓడలలో పోయినవారి లయలు సముద్రము దాటి, స్పానిషు పాటతో కలిసి, గ్రామఫోను పలకలపై మరల ఆఫ్రికాకు చేరినవి. స్వతంత్ర మాలీ ప్రభుత్వము 1964లో పదిమంది విద్యార్థులను సంగీతము నేర్చుటకు హవానా నగరమునకే పంపెను. వారచ్చట ఒక బృందముగా నేర్పడి రికార్డులు సయిత మిచ్చిరి. పొరుగున గినీ దేశములో అధ్యక్షుడు సేకు తూరే మరియొక మార్గము పట్టెను. పరదేశపు బాణీలు మాని స్వదేశపు పాతపాటలను కొత్త వాద్యములపై వాయింపుడని ఆజ్ఞాపించి, ప్రభుత్వధనముతో బృందములను పోషించెను. మాలీలో 1968 నవంబరు 19న సైన్యము మొదీబో కేయితాను పడద్రోసి, మూసా త్రవోరే అధికారమునకు వచ్చెను; ఐనను సంగీతబృందములను పోషించు పద్ధతి మారలేదు. రైల్వే భోజనశాలలో బృందము పుట్టుటకు ఇదియే కారణము. రైల్వే శాఖయు, సమాచార శాఖయు దానికి వెనుకనుండెను. జర్మనీదేశపు బేరెన్‌రైటర్ సంస్థ 1970లోనే ఆ బృందపు రికార్డును వెలువరించెను.

రెయిల్ బ్యాండువారు చేసిన పని చెప్పుటకు సులభము, చేయుటకు కష్టము. జెలులు కోరాపైనను బాలఫోనుపైనను వాయించు సంగతులను విద్యుత్ గిటారుపైకి దెచ్చిరి. వెనుక క్యూబా తాళము, పైన సాక్సఫోనులు, బాకాలు. నడుమ మాండే భాషలో పురాతన వీరగాథ. జెలిమాది తున్‌కారా యను గిటారు వాద్యకారుడు ఈ విద్యలో అసమానుడు. పేరులోని మొదటి రెండక్షరములే అతడు జెలి యని చెప్పుచున్నవి. ఇట్టి జెలుల నడుమ నిలిచి రాజవంశపు బిడ్డ పాడుచుండెను. తరువాత మోరీ కాంతే యను జెలికుమారుడు బృందములో చేరెను. 1973 నాటికి సలీఫ్ ఆ బృందమును విడిచెను. మోరీ కాంతే ముఖ్యగాయకుడయ్యెను. 1975లో రెయిల్ బ్యాండు సుండియాతా దేశాంతరవాసమును గూర్చి అరగంటకు చేరువైన పాట నొకదానిని రికార్డు చేసినపుడు పాడినది మోరీ కాంతేయే. వంశపుగాథ జెలి నోటికే చేరెను. ఆ వంశపువాడు అప్పటికి ఊరి కావలివైపున వేరొక హోటలులో ప్రేమపాటలు పాడుచుండెను.

ఆ రెండవ బృందము పేరు 'లెజాంబసదర్', అనగా రాయబారులు. బమాకో మోటెలు వారి నివాసము. అచ్చటికి వచ్చువారు విదేశీయులు, అధికారులు, ధనికులు. వారి కోరికపై క్యూబా, ఫ్రెంచి, అమెరికా బాణీ లన్నియు పాడవలసియుండెను. గినీదేశస్థుడైన మన్‌ఫిలా కాంతే యను గిటారు వాద్యకారుడు ఈ బృందమునకు ప్రాణము. సలీఫ్ కంఠము, మన్‌ఫిలా కూర్పు కలసిన పిమ్మట రెయిల్ బ్యాండునకు దీటైన జట్టు తయారయ్యెను. ఊరిలో రెండు పక్షము లేర్పడెను. ఈ బృందమును ఆదరించినవారిలో ముఖ్యుడు పోలీసు భద్రతాశాఖాధిపతియైన తియెకోరో బగయోకో. జను లాయన పేరు వినిన వణుకుచుండిరి. పాటగాండ్రకు మాత్ర మాయన కొండంత అండ. 1978 ఫిబ్రవరిలో త్రవోరే తన అనుచరులనే అనుమానించి బగయోకోను బంధించెను. తరువాత ఆయన సహారా యెడారిలోని తవుదెన్ని ఉప్పుగనుల చెరలో మరణించెను. పోషకుడు పోయిన నాటినుండి బృందమునకు కూడ భయము పట్టుకొనెను. ఆ యేడే సలీఫు, మన్‌ఫిలా, మరికొందరు సరిహద్దు దాటి ఐవరీకోస్టు దేశపు అబిజాన్ నగరము చేరిరి.

సలీఫ్ జీవితములో మే మెక్కువగా ఆలోచించిన ఘట్టము ఇచ్చట వచ్చుచున్నది. 1977లో గినీ అధ్యక్షుడు సేకు తూరే ఆయనకు తన దేశపు బిరుదు నిచ్చి గౌరవించెను. అబిజాన్ చేరిన పిమ్మట సలీఫ్ దానికి బదులుగా 'మాంజూ' అను పాట నిచ్చెను. మాంజూ యనునది తూరే వంశమువారి గౌరవనామము. పది నిమిషములకు మించిన పాట. ఆర్గను నెమ్మదిగా మొదలుపెట్టును, గిటారు దానిని చుట్టుకొనును, బాకాలు దూరమునుండి పలుకును, పిదప ఆ కంఠము లేచును. పడమటి ఆఫ్రికా యంతట ఆ పాట మారుమ్రోగెను. సలీఫ్ కేయితా పేరు హోటలు దాటి దేశములకు ప్రాకిన దీ పాటతోనే.

సేకు తూరే 1958లో ఫ్రెంచి ప్రధానమంత్రి డిగాల్‌కు ఎదురునిలిచి తన దేశమునకు స్వాతంత్ర్యము దెచ్చినవాడు. ఆ ధైర్యమును ఆఫ్రికా మరువలేదు. కాని తరువాతి కాలమున ఆయన బోయ్‌రో శిబిరమను చెరసాలలో అసంఖ్యాకులు నశించిరి. ఆఫ్రికా ఐక్యతాసంస్థకు మొట్టమొదటి ప్రధానకార్యదర్శిగా పనిచేసిన దియాలో తెల్లి అచ్చట అన్నపానీయములు లేక చనిపోయినది 1977లోనే, అనగా సలీఫ్‌కు బిరుదు వచ్చిన యేడే. ఈ రెండు విషయములను పక్కపక్కన నుంచి చూచినపుడు మాకు కష్టము తోచును. కృతజ్ఞత చెప్పుట తప్పా యనువారు కలరు. ఉన్నచోట ఆదరము లేని వానికి పరదేశపు రాజు గౌరవమిచ్చినచో హృదయము కరగుట సహజమే. కాని యొక విశేషమున్నది. జెలి రాజును పొగడునపుడు అది అతని వృత్తి యని వినువారికి తెలియును. పొగడ్తలోనే మందలింపు కలుపు అధికారము కూడ జెలికి కలదు. రాజవంశీయుడు పొగడినపుడు అది అతని సొంతమాట యగును. కులము కట్టు తెంచుకొని పాడినవాడు జెలి చేయు పనిని చేసెను. జెలికుండు రక్షణ మాత్రము లేకపోయెను. పాట అందము దీనివలన తగ్గలేదు. దానిని మేము విన్నప్పుడెల్ల ఆ అందముతో పాటు ఈ సంగతియు గుర్తు వచ్చును.

అబిజాన్ తరువాతి సంగతులు త్వరగా చెప్పవచ్చును. 1980 చివరను సలీఫు, మన్‌ఫిలా అమెరికాలో కొన్ని నెలలుండి పాటలు రికార్డు చేసిరి. తిరిగివచ్చిన పిమ్మట బృందము చీలిపోయెను. 1984లో సలీఫ్ పారిస్ చేరి, నగరమునకు తూర్పున మాలీవారు వేలకొలది నివసించు మోంత్రయ్ పేటలో కాపురము పెట్టెను.

1987లో 'సోరో' అను రికార్డు వెలువడెను. పశ్చిమాఫ్రికా సంగీతమునకు ప్రముఖ నిర్మాతయైన ఇబ్రహీమా సిల్లా దీనికి పూనుకొనెను. ఇందున్నవి ఆరే పాటలు. సింథసైజరు యంత్రములు, ఇత్తడి వాద్యములు, స్త్రీకంఠముల బృందగానము కలిపిన ఆ నిర్మాణమును విని కొందరు మాలీ సంగీతము చెడిపోయినదనిరి. మేమును మొదటిసారి వినినపుడు యంత్రముల చప్పుడు హెచ్చనియే యనుకొంటిమి. రెండవసారి వినినపుడు మాత్రము ఆ చప్పుడంతయు కంఠమునకు దారి విడుచుటకే యున్నదని తెలిసెను. ఐరోపాలో ఆఫ్రికా సంగీతమునకు ప్రత్యేకమైన అంగడి యేర్పడుటకు ఆ రికార్డు గొప్ప కారణమయ్యెను. అందు 'సీనా' అను పాట ఉన్నది. సీనా తన తండ్రి పేరు. పాడినందులకు తన్ను విడిచిన తండ్రిని, పాటలోనే పేరుపెట్టి స్మరించినాడు. 1999లో వచ్చిన మరియొక రికార్డు పేరు 'పాపా', అనగా నాయన.

పారిస్ కాపురము ఆయనకు వేరొక విషయమును గూడ ఇచ్చినది. 1986 అక్టోబరులో ఫ్రెంచి ప్రభుత్వము నూటయొక్క మంది మాలీవారిని ఒకే విమానములో ఎక్కించి దేశమునుండి పంపివేసెను. వీధులు ఊడ్చుటకు, ఇండ్లు కట్టుటకు పిలువబడినవారే పని తగ్గగానే పొమ్మనబడిరి. 1989లో వచ్చిన 'కోయాన్' రికార్డులో దీనిని గూర్చిన పాట కలదు. దాని పేరు వచ్చీరాని ఫ్రెంచిలో 'మేము కదలము' అని యర్థమిచ్చును. వ్యాకరణము తప్పిన ఆ మాట కూలివాని నోటి మాట. పాట ఫ్రాన్సు వీధులకు పాకినది. 2007లో అచ్చటి యువగాయకులతో ఆయన దానిని మరల పాడెను. రాజవంశములో పుట్టినవాడు ఇచ్చట తన వంశము నెత్తలేదు. కూలివానితో కలిసి మేము అన్నాడు. 'మాంజూ' పాడిన నోటనే ఈ పాటయు వచ్చినది.

1991 మార్చిలో బమాకో వీధులలో విద్యార్థులు, స్త్రీలు, కార్మికులు తుపాకుల కెదురునిలిచిరి; త్రవోరే పడిపోయెను. ఆ సంవత్సరమే జో జవినుల్ అను ప్రసిద్ధ జాజ్ సంగీతకర్త కూర్పున సలీఫ్ 'ఆమెన్' వెలువడెను. 1995లో 'ఫోలోన్' వచ్చెను. ఆ మాటకు పూర్వకాలమని యర్థము. పూర్వము నీ యభిప్రాయమును ఎవరు నడుగలేదు, ఇపుడు నోరు విప్పవచ్చును అనునది ఆ పాట భావము. నలుబదియైదు దాటిన మనుష్యుడు వాద్యముల హోరు తగ్గించి, దాదాపు మాటాడుచున్నట్లు పాడిన పాట యది. కేక వేయక కూడ ఆ కంఠము నిలువగలదని అప్పుడు తెలిసెను.

పిదప ఆయన బమాకోకు తిరిగివచ్చెను. అచ్చట నొక స్టూడియో, నొక సంగీతశాల ఏర్పరచి 'మోఫూ' అని పేరుపెట్టెను. పొలములలో పిట్టలను తోలునపుడు జొన్నకాడ వంటి కాడతో చేసి ఊదు పిల్లనగ్రోవి పేరది. చిన్ననాటి పొలము ఈ విధముగా తిరిగివచ్చెను. 2002లో అదే పేరుతో వచ్చిన రికార్డులో యంత్రములు దాదాపు లేవు. గిటారులు, తాళవాద్యములు, స్త్రీల పాట మాత్రమే. పాత మిత్రుడు మన్‌ఫిలా కాంతే అందు తోడైనాడు. కేప్‌వెర్దీ ద్వీపములకు చెందిన సెజారియా ఎవోరాతో కలిసి పాడిన పాటయు అందే యున్నది. సలీఫ్ రికార్డులలో ఒక్కదానినే యింట నుంచుకొనవలె నన్నచో మేము దీనినే యెన్నుకొందుము. 2005 నాటి 'మ్‌బెంబా' యను రికార్డు పేరునకు పూర్వపురుషుడని యర్థము. సుండియాతా మరల ఆయన పాటలోనికి వచ్చెను.

తన మేనిరంగును గూర్చి ఆయన చిరకాలము బహిరంగముగా ఎక్కువ పాడలేదు. 2009లో 'లా దిఫెరాన్స్' అను రికార్డుతో ఆ మౌనము తీరినది. భేదము అను అర్థముగల ఆ పాటలో, తన రక్తము నల్లవానిది, మేను తెల్లవానిది, ఆ భేదము తనకు అందమే యని భావము. 2010లో ఫ్రాన్సుదేశపు ప్రతిష్ఠాత్మకమైన సంగీతబహుమానము దానికి లభించెను. ఆల్బినిజము గలవారి వైద్యమునకు, రక్షణకు ఆయన ఒక ధర్మసంస్థను స్థాపించినాడు. ఎండనుండి కాపాడు లేపనము కొనుటకు శక్తిలేని కుటుంబములకు ఇట్టి సాయము ప్రాణసమానము. ఐనను పాట వినువారందరును నమ్మకము మానుకొనలేదు. 2018 మేలో బమాకోకు తూర్పున నున్న ఫానా పట్టణములో ఐదేండ్ల యాడుబిడ్డ, తెల్లగా పుట్టిన నేరమునకు, ఇంటినుండి యెత్తుకొనిపోబడి చంపబడెను. ఆ నవంబరులో సలీఫ్ ఫానాకే పోయి ఆమె జ్ఞాపకార్థము కచేరి చేసి, తన క్రొత్త రికార్డును అచ్చటనే విడుదల గావించెను. దాని పేరు 'మరియొక తెల్లవాడు'. ఇదియే తన కడపటి రికార్డని ఆయన ప్రకటించెను. అప్పటికి అరువదితొమ్మిదేండ్లు.

రాజకీయములనుండి మాత్రము ఆయన దూరముగా నుండలేదు. 2020 ఆగస్టులో మాలీలో మరల సైన్యము అధికారము గైకొనెను. ఆ యేటి చివర నేర్పడిన సంధికాలపు శాసనసభలో సలీఫ్ సభ్యుడయ్యెను. 2023 జూలై చివర ఆ పదవిని విడిచి, మరునెలలో సైనికాధిపతి అసిమీ గోయితాకు సంస్కృతీవిషయములందు ప్రత్యేక సలహాదారుడయ్యెను. దేశమును పరదేశీయుల పట్టునుండి విడిపించువారని ఆ సైనికులను నమ్మినవారు మాలీలో అనేకులు కలరు; ఆయనయు వారిలో నొకడు. సేకు తూరేను గూర్చి పూర్వము అనుకొన్నదియు నిట్టిదే. ఈ రెండవ సందర్భమును మొదటిదానితో కలిపి చూచు చరిత్రకారులను మేము తప్పుపట్టము.

కడపటి రికార్డన్న మాట నిలువలేదు. అందుకు మేము సంతోషించుచున్నాము. 2023లో జపానుదేశపు క్యోటో నగరమున ఉత్సవమునకు పోయినపుడు, హోటలు గదిలో గిటారు పట్టుకొని కూర్చుండి తనలో తాను పాడుకొనునట్లు పాడిన పాటలు 2025 ఏప్రిలులో 'సోకోనో' యను పేర వెలువడినవి. గదిలోపల అని దాని యర్థము. రెయిల్ బ్యాండు బాకాలు లేవు, పారిస్ యంత్రములు లేవు. గిటారు వాయించుచున్నది ఆయనయే. డెబ్బది దాటిన కంఠము కొంత బొంగురుపోయినది, పైస్థాయికి పోవునపుడు వెనుకటి తొందర లేదు. ఆ పాటలలో నొకదాని పేరు 'సుండియాతా'. మరియొకదాని పేరు 'కాంతే మన్‌ఫిలా'. ఆ మిత్రుడు 2011లో మరణించినాడు. కిరీనా యుద్ధములో సుండియాతా ఓడించిన రాజు ఇంటిపేరు కూడ కాంతేయే. ఆ రెండు పేర్లును ఇప్పుడొక్క గిటారుపై, ఒక్క గదిలో వినవచ్చుచున్నవి.